రైజెన్ 7 5800ఎక్స్ ఓవర్‌క్లాకింగ్: ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

క్యాబినెట్‌లో ఉన్నది ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్. 8 కోర్లు, 16 థ్రెడ్లు, బేస్ క్లాక్ 3.8 గిగాహెర్ట్జ్, కంపెనీ చెప్పే బూస్ట్ (అవసరమైనప్పుడు తనంతట తాను ఎక్కే గరిష్ఠ స్పీడు) 4.7. దానికి బీ550 మదర్‌బోర్డు, రెండు టవర్ల ఎయిర్ కూలర్, 32 జీబీ డీడీఆర్4 మెమరీ. ఇంతకాలం ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే వాడాను. వీడియో ఎన్‌కోడింగ్, కోడ్ కంపైల్ చేయడం, మధ్యమధ్యలో గేములు. ఇప్పుడు దీన్ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన స్పీడు దాటించి, ఎంతవరకు లాగొచ్చో చూద్దామని పని మొదలుపెట్టాను. షరతు ఒక్కటే. నా పనంతా ఈ మెషీన్ మీదే నడుస్తుంది కాబట్టి స్పీడు పెరిగినా పెరగకపోయినా ఫైళ్ళు పాడవకూడదు, చిప్ ఆయుష్షు తగ్గకూడదు.

ఎంత ఆశ పెట్టుకోవాలో ముందే తేల్చుకున్నాను. 1998లో ఇంటెల్ నుంచి సెలెరాన్ 300ఏ వచ్చింది. బస్ స్పీడును 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే, ఆ 300 మెగాహెర్ట్జ్ చిప్ చాలామంది దగ్గర 450లో హాయిగా నడిచింది. ఒక్క మార్పుతో సగం స్పీడు అదనం! ఆ రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పటి చిప్‌లు వేడి ఎంతుంది, కరెంటు ఎంత పోతోంది అని తామే చూసుకుంటూ, వీలున్నంతవరకు తామే పైకి ఎక్కుతాయి. కంపెనీయే అంతా పిండేశాక మనకు మిగిలేది నాలుగైదు శాతం. 2022లో ఇంటెల్ 13900కేను ద్రవ హీలియం పోసి 9 గిగాహెర్ట్జ్ దాటించిన మాట నిజమే. అది రికార్డు కోసం కొద్దిసేపు చేసే విన్యాసం, బల్ల మీద రోజూ పనిచేసే మెషీన్‌కు దానితో సంబంధం లేదు.

వారంటీ గురించి కూడా ఒక మాట. స్పెసిఫికేషన్ దాటి నడిపినందువల్ల చిప్ పాడైతే వారంటీ వర్తించదని ఏఎండీ స్పష్టంగానే చెబుతుంది. బయోస్‌లో (మెషీన్ ఆన్ కాగానే నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) ఆప్షన్ కనిపిస్తోంది కదా అని దానికి కంపెనీ పూచీ ఉన్నట్టు కాదు. పీబీవో (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, బూస్ట్ హద్దులను మార్చుకోనిచ్చే ఏఎండీ ఆప్షన్) ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుంది.

సన్నాహాలు

అన్నిటికంటే ముందు బ్యాకప్. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, కేబుల్ పీకేసి పక్కన పెట్టాను. నిలకడ తప్పిన ప్రాసెసర్ ప్రతిసారీ క్రాష్ అవుతుందనుకోవద్దు. క్రాష్ అయితే అదృష్టమే, విషయం బయటపడుతుంది. ఒక లెక్క తప్పు చేసి, ఆ తప్పును నిశ్శబ్దంగా డిస్క్‌లో రాసేస్తే, కొన్ని నెలల తర్వాత ఏదో ఫొటో తెరవబోతే సగం బూడిద రంగులో కనిపిస్తుంది. అందుకే డ్రైవ్‌ను తగిలించి ఉంచలేదు.

బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాను. నాకు కావాల్సిన కర్వ్ ఆప్టిమైజర్ (కోర్ల వోల్టేజీని సర్దే ఆప్షన్, వివరం కింద ఉంది) పాత బయోస్‌లలో లేదు. ఏ మార్పూ చేయని సెట్టింగులను ఒక ప్రొఫైల్‌గా సేవ్ చేశాను. మెషీన్ అసలు ఆన్ కాకపోతే ఏం చేయాలో కూడా ముందే చూసి పెట్టుకున్నాను. బోర్డు మీద క్లియర్ సీమాస్ పిన్నులు (బయోస్ సెట్టింగులను చెరిపి మొదటికి తెచ్చేవి) గ్రాఫిక్స్ కార్డు కింద ఉన్నాయి, కార్డు తీయకుండా చేయి దూరదు. ఆ సంగతి అర్ధరాత్రి నల్ల తెర ముందు కూర్చున్నప్పుడు తెలియడం కంటే ఇప్పుడు తెలియడం నయం.

మెమరీకి ఎక్స్‌ఎంపీ (మెమరీని ఎక్కువ స్పీడులో నడిపే రెడీమేడ్ ప్రొఫైల్) ఆఫ్ చేశాను. ఎక్స్‌ఎంపీ కూడా ఓవర్‌క్లాకే. అది ఆన్‌లో ఉండగా క్రాష్ వస్తే తప్పు మెమరీదో కోర్‌దో తేల్చలేం. అనుమానితుడు ఒక్కడే ఉండాలి.

కూలర్ విప్పి, పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాశాను. ఫిల్టర్లలో దుమ్ము దులిపాను. వీటికే మూడు డిగ్రీలు తగ్గింది. ఓవర్‌క్లాక్ మాట ఎలా ఉన్నా, ఈ పని మాత్రం అందరూ చేసుకోవచ్చు.

తర్వాత ఉన్నది ఉన్నట్టుగా కొలతలు. రీడింగులకు హెచ్‌డబ్ల్యూఇన్ఫో, స్కోరుకు సినీబెంచ్ ఆర్23. పది నిమిషాల రన్‌లో మల్టీ కోర్ 15,180, సింగిల్ కోర్ 1,598. వేడి గరిష్ఠంగా 82 డిగ్రీలు, గది 27. అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు క్లాక్ 4.5 దగ్గర, ఒక్క కోరే పనిచేస్తుంటే 4.85 దాకా. చూసేవాళ్ళకు 82 ఎక్కువగా అనిపించవచ్చు. ఈ చిప్ తీరే అంత. 8 కోర్లూ సుమారు 81 చదరపు మిల్లీమీటర్ల ఒకే చిన్న ముక్కలో ఇరుక్కుని ఉంటాయి. వాట్లు మరీ ఎక్కువేం కాదు, అవి బయటికి రావాల్సిన చోటే చాలా ఇరుకు. దీనికి కంపెనీ పెట్టిన హద్దు 90 డిగ్రీలు.

పాత పద్ధతి: అన్ని కోర్లకూ ఒకే క్లాక్

ముందుగా అందరికీ తెలిసిన దారే పట్టాను. మదర్‌బోర్డు ఇచ్చే మూల క్లాక్ 100 మెగాహెర్ట్జ్, దాన్ని హెచ్చించే మల్టిప్లయర్ 46, మొత్తం 4.6 గిగాహెర్ట్జ్. వోల్టేజీ 1.20 దగ్గర మొదలుపెట్టాను. విండోస్ తెరుచుకుంది గానీ సినీబెంచ్ మధ్యలోనే ఆగిపోయింది. 1.225 పెడితే సినీబెంచ్ పూర్తయింది, ప్రైమ్95లో (ప్రాసెసర్‌ను లెక్కలతో నలిపి తప్పులు పట్టే ప్రోగ్రాం) ఒక వర్కర్ ఎర్రర్ ఇచ్చి ఆగింది. 1.25 దగ్గర నిలబడింది.

నిలబడింది సరే, వేడి మాటేంటి? సినీబెంచ్‌లో 85. ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అనే బరువైన పరీక్ష పెట్టగానే సూటిగా 90కి ఎక్కింది, ఆపేశాను. ఎందుకింత అంటే లెక్క చాలా సూటిగా ఉంటుంది. చిప్ తినే పవర్ క్లాక్‌తో పాటు సమానంగా పెరుగుతుంది, వోల్టేజీకైతే దాని వర్గంతో పెరుగుతుంది. 4.5 నుంచి 4.7కు వెళ్తే వచ్చే స్పీడు 4.4 శాతం. దానికోసం వోల్టేజీని 1.20 నుంచి 1.30 చేయాల్సి వస్తే పవర్ 22 శాతం పైగా పెరుగుతుంది. పైసా లాభానికి అయిదు పైసల ఖర్చు.

ఇంకో సంగతి, ఎల్‌ఎల్‌సీ. అంటే లోడ్ లైన్ క్యాలిబ్రేషన్. బయోస్‌లో 1.25 పెట్టినా, లోడ్ పడగానే చిప్‌కు అందేది 1.22 చిల్లర. ఈ తగ్గుదల లోపం కాదు, కావాలని పెట్టిందే. ఎల్‌ఎల్‌సీని గరిష్ఠానికి పెంచితే తగ్గుదల పోతుంది, రీడింగ్ గీత గీసినట్టు నిలకడగా కనిపిస్తుంది. కానీ లోడ్ ఒక్కసారిగా తీసేసిన క్షణంలో వోల్టేజీ పెట్టినదానికంటే పైకి ఎగురుతుంది. ఆ ఎగురుడు ఆసిల్లోస్కోప్‌కే దొరుకుతుంది, సాఫ్ట్‌వేర్‌లో కనిపించదు. నేను మధ్య స్థాయి దాటలేదు.

చివరికి 4.6లో మల్టీ స్కోరు 15,540. సింగిల్ మాత్రం 1,598 నుంచి 1,520కి పడిపోయింది! కారణం తెలిసిందే. మామూలుగా ఒక్క కోర్ 4.85 దాకా ఎగిరేది, ఇప్పుడు దాన్నీ 4.6 దగ్గర కట్టేశాం. ఎనిమిది కోర్లలో ఒక్కోదాని సత్తా ఒక్కో రకం. అన్నిటికీ ఒకే క్లాక్, ఒకే వోల్టేజీ ఇవ్వడం ఇంట్లో ఎనిమిది మందికీ ఒకే సైజు చెప్పులు కొన్నట్టు ఉంది. రోజూ నేను చేసే పనుల్లో ఎక్కువ భాగం ఒకటి రెండు కోర్ల మీదే నడుస్తాయి కాబట్టి ఈ దారి ఇక్కడితో వదిలేశాను.

పద్ధతి మార్పు: వోల్టేజీ తగ్గించి స్పీడు పెంచడం

రైజెన్ 5000 చిప్‌లలో పీబీవో కింద కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది. ప్రతి కోర్‌కూ ఫలానా స్పీడుకు ఫలానా వోల్టేజీ కావాలి అనే పట్టిక చిప్‌లోనే ఉంది. కర్వ్ ఆప్టిమైజర్‌తో ఆ పట్టిక మొత్తాన్ని కిందికి గానీ పైకి గానీ జరపవచ్చు, కోర్ కోర్‌కూ విడిగా. రుణాత్మకంగా 30 వరకు దించవచ్చు. ఒక్కో మెట్టుకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు.

వోల్టేజీ తగ్గిస్తే స్పీడెలా పెరుగుతుంది? అదే స్పీడుకు తక్కువ వోల్టేజీ చాలినప్పుడు పవర్, వేడి రెండూ తగ్గుతాయి. ఆ మిగులును చూసి బూస్ట్ పద్ధతి తనంతట తానే క్లాక్‌ను పైకి తీసుకెళ్తుంది. చిప్‌కు మనం ఆజ్ఞ ఇవ్వడం లేదు, జాగా చేసిపెడుతున్నాం, అంతే. కంపెనీ పెట్టిన రక్షణలన్నీ అలాగే పనిచేస్తుంటాయి.

నన్ను ఈ వైపు నెట్టిన కారణాలు మరో రెండున్నాయి. 2023లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ చిప్‌లు సాకెట్లోనే కాలిపోయాయి. ఆ తర్వాత ఏఎండీ కొత్త బయోస్‌లతో ఎస్‌ఓసీ వోల్టేజీకి (మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు అందేది) 1.3 దగ్గర అడ్డుకట్ట వేసింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో అధిక వోల్టేజీ వల్ల నిలకడ తప్పుతోందని ఆ కంపెనీయే ఒప్పుకుని, మైక్రోకోడ్ (చిప్ లోపల నడిచే కోడ్) మార్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఆ ఇంటెల్ చిప్‌లు దెబ్బతినడానికి వాటిని ఎవరూ ఓవర్‌క్లాక్ చేయనక్కర్లేకపోయింది. చిప్‌ను అరగదీసేవి ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి. గిగాహెర్ట్జ్ అంకె దానంతట అదే ఏమీ చేయదు.

ఒక చిన్న అయోమయం ఇక్కడే తీర్చాలి. ఏమీ ముట్టుకోకపోయినా ఈ చిప్ సింగిల్ కోర్ బూస్ట్‌లో 1.45 వోల్టుల పైకి వెళ్తుంది. అది చూసి, "అయితే 1.45 ఫిక్స్ చేసినా ఫర్వాలేదు కదా" అనుకునేవాళ్ళున్నారు. ఫర్వా ఉంది. ఒక్క కోర్ తక్కువ కరెంటుతో ఒక్క క్షణం 1.45 తాకడం వేరు, 8 కోర్లూ నిండు లోడ్‌లో గంటల తరబడి అక్కడే ఉండటం వేరు.

సెట్టింగులు: పీపీటీ (మొత్తం పవర్ హద్దు) 142 వాట్లు, టీడీసీ (నిలకడగా పోయే కరెంటు హద్దు) 95, ఈడీసీ (క్షణకాలం పోయే కరెంటు హద్దు) 140 ఆంపియర్లు. ఇవి ఈ చిప్‌కు మామూలుగా ఉండేవే, మార్చలేదు. బయోస్‌లో "మదర్‌బోర్డు లిమిట్స్" అనే ఆప్షన్ ఉంటుంది, అది చిప్‌ను కాక బోర్డు సత్తాను చూసి హద్దులు పెడుతుంది. దాని జోలికి పోలేదు. స్కేలార్ (బూస్ట్‌లో ఎక్కువ వోల్టేజీని ఎంతసేపు అనుమతించాలో చెప్పేది) 1ఎక్స్. వేడి హద్దును 90 నుంచి 85కు దించాను. కర్వ్ అన్ని కోర్లకూ మైనస్ 15.

ఫలితం వెంటనే కనిపించింది. మల్టీ 15,620, వేడి 79. పాత పద్ధతి 4.6 కంటే ఎక్కువ స్కోరు, ఆరు డిగ్రీలు తక్కువ. హుషారుగా మైనస్ 20 చేశాను. 15,790. రాత్రంతా ప్రైమ్95 పెట్టి పడుకుంటే పొద్దున్నకి ఒక్క ఎర్రరూ లేదు.

మెయిల్ చదువుతుంటే

రాత్రంతా ప్రైమ్95 తట్టుకున్న మెషీన్, మధ్యాహ్నం మెయిల్ చదువుతుంటే ఠక్కున రీస్టార్ట్ అయింది. నీలి తెర లేదు, హెచ్చరిక లేదు. ఫ్యాన్లు కూడా నెమ్మదిగా తిరుగుతున్నాయి.

ఈ ప్రాజెక్టులో అసలు విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. అన్ని కోర్ల మీదా నిండు లోడ్ ఉన్నప్పుడు పవర్, కరెంటు, వేడి హద్దులు చిప్‌ను 4.5, 4.6 దగ్గరే పట్టి ఉంచుతాయి. అంటే ఆ పరీక్షలో కోర్లు తమ పట్టికలో మధ్య భాగం వరకే వెళ్తాయి, పై అంచుకు వెళ్ళనే వెళ్ళవు. మెయిల్ తెరిచినప్పుడు అలా కాదు. ఒక్క కోర్ నిద్రలోంచి లేచి, మిగతావి ఖాళీగా ఉండగా, రెప్పపాటులో 4.85కు దూకుతుంది. వోల్టేజీ ఏ కాస్త చాలకపోయినా బయటపడేది అక్కడే. బరువైన పరీక్ష పాసైతే తేలికైనదీ పాసైనట్టే అనుకుంటాం. కర్వ్ ఆప్టిమైజర్ విషయంలో అది తలకిందులు.

ఏ కోర్ జారిందో విండోస్ చెబుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే హార్డ్‌వేర్ తప్పులను రాసిపెట్టే వీయా లాగర్ పేరుతో ఈవెంట్ 18 ఉంది. అందులో ప్రాసెసర్ ఏపిక్ ఐడీ (థ్రెడ్ నంబరు) 10 అని రాసి ఉంది. ఈ చిప్‌లో ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు. 0, 1 ఐడీలు సున్నా కోర్‌వి, 2, 3 ఒకటో కోర్‌వి, అలా వరసగా. 10ని రెండుతో భాగిస్తే 5. దోషి 5వ కోర్.

తమాషా ఏమిటంటే ఏఎండీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం గుర్తు ఉన్నది ఆ కోర్‌కే. అంటే చిప్‌లో అన్నిటికంటే మంచి కోర్ అదే. ఆలోచిస్తే వింతేం లేదు. మంచి కోర్‌కు ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజీ రాసిపెడతారు, ఎక్కువ స్పీడుకు పంపుతారు. దాని దగ్గర ఇక తగ్గించడానికి మిగిలింది తక్కువ. పైగా విండోస్ తేలిక పనులన్నీ దాని నెత్తినే వేస్తుంది.

కోర్ కోర్‌కూ విడిగా

ఇక్కడి నుంచి ఓపిక పని. కోర్‌సైక్లర్ అనే స్క్రిప్ట్ దొరుకుతుంది. అది ప్రైమ్95ను ఒకసారికి ఒక్క కోర్ మీదే నడుపుతుంది, కొంతసేపయ్యాక తర్వాతి కోర్‌కు వెళ్తుంది. ఏవీఎక్స్ అనే బరువైన లెక్కల మోడ్ కాకుండా తేలికైన ఎస్‌ఎస్‌ఈ మోడ్‌లో పెట్టాను. లోడ్ తేలికైతేనే కోర్ పై అంచుకు ఎగురుతుంది, మనకు కావాల్సింది అదే.

పద్ధతి ఇలా పెట్టుకున్నాను. ఎర్రర్ ఇచ్చిన కోర్‌ను మూడు మెట్లు పైకి జరపడం, మిగతావాటిని ముట్టుకోకపోవడం, మళ్ళీ మొదటి నుంచి. రాత్రులు పరీక్ష, పగలు మామూలు పని. 5వ కోర్ మైనస్ 20 నుంచి పైకి జరుగుతూ జరుగుతూ మైనస్ 5 దగ్గర ఆగింది. రెండో మంచి కోర్ అయిన 2 కూడా అంతే, మైనస్ 8. సాదాసీదా కోర్లే మొండివి: 0, 3, 7 తర్వాత ఇంకా దించి చూసినా మైనస్ 25 దాకా తట్టుకున్నాయి. 1, 4, 6 మైనస్ 18 దగ్గర స్థిరపడ్డాయి. తట్టుకున్న అంకె దగ్గరే వదిలేయకుండా, ప్రతి కోర్‌కూ చివర్లో ఇంకో రెండు మెట్లు వెనక్కి ఇచ్చాను. ఎండలు ముదిరాక గది వేడెక్కుతుంది, చిప్‌కు వయసు పెరుగుతుంది. ఆ రెండు మెట్లు వాటి కోసం.

మధ్యలో తమ్ముడు వచ్చి చూశాడు.

"ఇన్ని రాత్రులు పెట్టావు కదన్నయ్యా, గేమ్‌లో ఎన్ని ఫ్రేములు పెరిగాయి?"

"ఏం పెరగలేదురా. అక్కడ ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డు."

వాడి ముఖం చూడాల్సింది. కానీ నిజం అదే. పెద్ద రిజల్యూషన్‌లో ఆడేటప్పుడు ప్రాసెసర్ ఖాళీగానే కూర్చుంటుంది. గేముల కోసమే ఈ పనికి దిగేవాళ్ళు ముందు ఆ సంగతి చూసుకోవాలి.

బూస్ట్ ఓవర్‌రైడ్

పీబీవోలో బూస్ట్ గరిష్ఠాన్ని 200 మెగాహెర్ట్జ్ వరకు పెంచుకోవచ్చు. 100 పెట్టి చూశాను. 5వ కోర్ వెంటనే ఎర్రర్ ఇచ్చింది. దాని కర్వ్‌ను సున్నాకు తెచ్చినా ఆగలేదు. 50 అయితే సరిపోయింది. సింగిల్ స్కోరు 1,598 నుంచి 1,627.

ఈ దశలో ఒక మోసం గురించి చెప్పాలి, క్లాక్ స్ట్రెచింగ్. వోల్టేజీ చాలనప్పుడు చిప్ కొన్నిసార్లు క్రాష్ కాకుండా తన గడియారాన్నే కాస్త సాగదీస్తుంది. తెర మీద 4.9 అని కనిపిస్తుంది, పని మాత్రం 4.7 అంతే జరుగుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ అని వేరే వరుస ఉంటుంది. నిండు లోడ్‌లో అది మామూలు క్లాక్ కంటే బాగా తక్కువగా కనిపిస్తే వోల్టేజీ ఎక్కువ తగ్గించేశామన్నమాట. అంకె పెరిగి స్కోరు తగ్గినా అదే అర్థం. ప్రతి మార్పు తర్వాతా నేను ముందు స్కోరు చూశాను, క్లాక్ ఆ తర్వాతే.

మిగిలిన పరీక్షలు

స్ట్రెస్ టెస్టులు పట్టుకోలేని చోట్లు కొన్ని ఉన్నాయి. స్లీప్‌లోకి పంపి లేపడం. రాత్రంతా ప్లగ్ తీసి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేయడం. ఏమీ చేయకుండా బ్రౌజర్ తెరిచి మెషీన్‌ను గంటల కొద్దీ అలా వదిలేయడం. వీటన్నిటిలోనూ వీయా లాగ్ ఖాళీగా ఉంది.

ఫైళ్ళ భద్రతకు వేరే పరీక్ష. పెద్ద ఫోల్డర్‌ను 7-జిప్‌తో కుదించి, మళ్ళీ విప్పి, రెండు వైపులా హ్యాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి అంకె) సరిచూశాను. తేడా లేదు. నాకు సినీబెంచ్ స్కోరు కంటే ఇదే ముఖ్యం.

ఇవన్నీ అయ్యాకే ఎక్స్‌ఎంపీ మళ్ళీ ఆన్ చేశాను. మెమరీ 3600 (డీడీఆర్ కాబట్టి అసలు క్లాక్ 1800), చిప్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ 1800, రెండూ ఒకటికి ఒకటి. మెమ్‌టెస్ట్86 పూర్తిగా నడిపాను, తర్వాత కోర్‌సైక్లర్ ఇంకో రాత్రి. ఎర్రర్లు లేవు.

ఇప్పటి పరిస్థితి

సినీబెంచ్ మల్టీ 15,910, సింగిల్ 1,627. వేడి 78, గది అదే 27. మొదట్లో ఉన్నదానికంటే స్కోరు మల్టీలో దాదాపు 5 శాతం, సింగిల్‌లో 2 శాతం లోపు పెరిగింది, వేడి నాలుగు డిగ్రీలు తగ్గింది. వేడి తగ్గింది కాబట్టి ఫ్యాన్ల వేగాన్ని కూడా తగ్గించాను. స్పీడు తేడా స్టాప్‌వాచ్ పెడితే గానీ తెలియదు, శబ్దం తగ్గిన సంగతి మాత్రం గదిలోకి రాగానే తెలుస్తోంది.

సెట్టింగులను బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసి, కోర్ల వారీ అంకెలను కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అంటించాను. బయోస్ అప్‌డేట్ చేస్తే సేవ్ చేసిన ప్రొఫైళ్ళు సాధారణంగా పనికిరాకుండా పోతాయి. ఈవెంట్ 18 వస్తే తెర మీద చెప్పేలా టాస్క్ షెడ్యూలర్‌లో ఒక టాస్క్ పెట్టాను. పెండింగ్‌లో ఉన్నది ఒక్కటే, గది 35 డిగ్రీలు దాటే రోజుల్లో కోర్‌సైక్లర్ మళ్ళీ నడపాలి. 2, 5 కోర్లు అప్పుడు ఎర్రర్ ఇస్తే వాటి కర్వ్‌ను సున్నాకు తెచ్చేస్తాను.